నలుపంతా సారమేనా? తొమ్మిదో తరగతికి రేగడి, చెలక పాఠం: ఒక కేస్ స్టడీ

"నల్ల నేల ఎందుకు సారవంతం?" అని తొమ్మిదో తరగతిలో అడగండి. చేయెత్తిన ప్రతివాళ్లూ ఒకటే చెబుతారు: "హ్యూమస్ ఎక్కువ కాబట్టి సార్." గైడులో అలాగే ఉంటుంది, పరీక్షలో మార్కూ పడుతుంది. కానీ దక్కన్ రేగడి భూముల్లో, అంటే నల్లమట్టి నేలల్లో, హ్యూమస్‌కు కొలమానమైన సేంద్రియ కర్బనం చాలాచోట్ల అర శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. నేల పరీక్ష లెక్కలో 0.5 శాతం లోపు తక్కువ, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ. అంటే నల్లగా నిగనిగలాడే రేగడి కూడా కర్బనం విషయంలో బీదే. ఉన్న కొద్దిపాటి హ్యూమస్ బంకమట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉండటం వల్ల ఆ నలుపు కనిపిస్తుంది. రేగడి బలమంతా దాని బంకమట్టిలో ఉంది.

ఈ ఒక్క తప్పు జవాబును పట్టుకుని 14 పీరియడ్ల పాఠం కట్టాం. తాండూరు పరిసరాల్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, 40 మంది పిల్లలు, ఐదుగురి చొప్పున 8 బృందాలు. జూన్ చివరి వారంలో మొదలుపెట్టి సెప్టెంబరు మొదట్లో ముగించాం. ఈ పాఠానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. అడుగున సున్నపురాయి, అదే ఇళ్లలో పరిచే తాండూరు బండ. దాని మీద రేగడి, అందులో కంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ నేలదే. కొన్ని మైళ్లు వికారాబాద్ వైపు జరిగితే అనంతగిరి గుట్టల చుట్టూ ఎర్రమట్టి, అంటే చెలక. కొందరు పిల్లల ఇళ్లలో రెండు రకాల చేన్లూ ఉన్నాయి. ఒక్క నేలను చూపిస్తే పిల్లలకు అది మట్టిలాగే ఉంటుంది. రెండింటిని పక్కపక్కన పెడితేనే ప్రశ్నలు పుడతాయి. అందుకే ప్రతి పరీక్షా జంటగా చేయించాం.

మట్టి తీయడం

నాలుగు బృందాలకు రేగడి, నాలుగింటికి చెలక. ఒక్కో బృందానికి ఒక ఎకరం. అందులో వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల తీయాలి. పైన ఉన్న చెత్త, ఎండుగడ్డి పక్కకు జరిపి, 'వి' ఆకారంలో 15 సెం.మీ. లోతు గుంట తవ్వి, ఒక గోడ మీద పై నుంచి అడుగు దాకా రెండు సెం.మీ. మందాన పొర చెక్కాలి. పదింటినీ ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. జింకు పూత బకెట్ వద్దు, ఆ నమూనా తర్వాత ల్యాబ్‌కు పంపితే జింకు లెక్క చెడుతుంది. యూరియా సంచి అసలే వద్దు.

రేగడిలో రోజు ఎంచుకోవడం ముఖ్యం. ఎండలో గడ్డపారకు కూడా లొంగదు, వాన పడ్డ మర్నాడు పారకు అంటుకుని వదలదు. తొలివాన పడ్డ మూడు నాలుగు రోజులకు పదును వచ్చాక తీయించాం. 'పదును' అనే మాట పిల్లలకు ఇంటి నుంచే వచ్చు. పాఠ్యపుస్తకంలోని 'నేల తేమ' కన్నా అది కచ్చితమైన మాట, దున్నడానికి సరిపోయే తేమ అని ఒక్క ముక్కలో చెబుతుంది. మిగతా పాఠమంతా ఆ మాటనే వాడాం.

మూడు బృందాలు తప్పు చోట తీశాయి. ఒకటి గట్టు పక్కన, ఒకటి పెంటకుప్ప పోసిన చోట, ఒకటి బండల పాలిషింగ్ యూనిట్ పక్క రోడ్డు వారన. పారేయించలేదు. 'గట్టు', 'పెంట', 'రోడ్డు' అని చీటీలు అంటించి దాచి, సరైన నమూనాలు మళ్లీ తెప్పించాం. ఆ మూడు తప్పు నమూనాలే తర్వాత బాగా పనికొచ్చాయి.

నీడలో మూడు రోజులు ఆరబెట్టి, కొయ్య సుత్తితో గడ్డలు చిదిపి, 2 మి.మీ. కన్నాల జల్లెడ పట్టాలి. రాతితో నూరితే ఇసుక రేణువులే పగిలి లెక్క మారుతుంది. కిటికీకి కొట్టే దోమల జాలీ దొరికింది కదా అని వాడొద్దు. దాని కన్నం చిన్నది, ముతక ఇసుక పైనే ఆగిపోతుంది. జల్లెడ మీద మిగిలిన మొరం పారేసే ముందు తూకం వేయించాలి. చెలకలో అది ఎంత ఉందో చూస్తే, 'ఎకరం మట్టి' అన్న దాంట్లో రాయి ఎంతో పిల్లలకు తెలుస్తుంది.

వేళ్ల మధ్య మట్టి

పరికరాలు బయటికి తీయకముందు రెండు పీరియడ్లు చేతులతోనే. నిమ్మకాయంత మట్టి తీసుకుని, బొట్టుబొట్టుగా నీళ్లు పోస్తూ చపాతీ పిండిలా మర్దించాలి. ముద్ద అయ్యాక బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా ముందుకు నెట్టుకుంటూ పోవాలి. పట్టీ తన బరువుకు తానే తెగిపడినప్పుడు పొడవు కొలవాలి. 2.5 సెం.మీ. లోపు తెగితే గరప (ఇసుక, ఒండు, బంక కలగలిసిన మట్టి) కోవ, 2.5 నుంచి 5 దాకా బంక గరప, 5 దాటితే బంకమట్టి. చెలక ముద్ద అవుతుంది గానీ పట్టీ సాగదు. చెవి దగ్గర పెట్టుకుని నలిపితే ఇసుక గరగరమంటుంది. రేగడి పట్టీ వేలు దాటి కిందికి వేలాడుతుంది.

ఇక్కడ తరచూ జరిగే తప్పు తొందర. రేగడి పొడికి నీళ్లు పట్టడానికి టైం కావాలి. అర నిమిషం మర్దిస్తే చిన్న గడ్డలు గడ్డలుగానే ఉండి ఇసుకలా తగులుతాయి, పట్టీ పొట్టిగా తెగుతుంది. కనీసం మూడు నిమిషాలు మర్దించాలని గడియారం పెట్టాక ఫలితాలు కుదురుకున్నాయి. ఒక బృందంలో ఐదుగురు ఐదు పొడవులు చెబుతారు. సగటు తీయించకండి, ఎందుకు తేడా వచ్చిందో వాళ్లనే వెతకమనండి. ఎక్కువసార్లు కారణం నీళ్లే.

సీసా పరీక్ష, అది చెప్పే అబద్ధాలు

సీసాలో మట్టి, నీళ్లు పోసి ఊపి పక్కన పెట్టే ప్రయోగం అందరికీ తెలుసు. అడుగున ఇసుక, దాని మీద ఒండు, పైన బంక. చూడటానికి బాగుంటుంది. మామూలుగా చేసే తీరులో మాత్రం రేగడి విషయంలో దాదాపు ప్రతిసారీ తప్పు చెబుతుంది. ఎందుకో తెలుసుకోవడానికే మూడు పీరియడ్లు ఇచ్చాం.

మొదట ఎలా చేయాలో చెప్పుకుందాం. నిట్టనిలువు గోడలున్న లీటరు సీసా, జల్లించిన మట్టి 150 గ్రా., మట్టి రేణువులను విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ఒక టీస్పూను, అంటే సుమారు 5 గ్రా. నీళ్లు పోసి పది నిమిషాలు ఊపి రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు 15 సెం.మీ. ఎత్తుకు నీళ్లు చేర్చి మళ్లీ గట్టిగా ఊపి బల్ల మీద పెట్టాలి. ఒక నిమిషం గడిచాక మొదటి గీత, రెండు గంటలకు రెండో గీత, 48 గంటలకు మూడోది.

ఈ సమయాలకు లెక్కుంది. రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.05 మి.మీ. రేణువు, అంటే ఇసుకలో అతి సన్నది, మన గది వేడిలో 15 సెం.మీ. నీళ్లను దాటడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. బంకమట్టికి హద్దు 0.002 మి.మీ., అది 25 రెట్లు చిన్నది. 25 వర్గం 625. నిమిషానికి 625 రెట్లంటే పది గంటలు. మరి అందరూ రెండు గంటల గీతే ఎందుకు గీస్తారు? బడి గంట కోసం. రెండు గంటలకు గీస్తే 0.004 మి.మీ. దాకా ఉన్న సన్న ఒండు కూడా బంక ఖాతాలో పడుతుంది. పిల్లలు ఈ లెక్కను నల్లబల్ల మీద తామే చేశారు. గణితం మాస్టారి పీరియడ్ ఒకటి అడిగి తీసుకోవడం మంచిది.

ఇక అబద్ధాలు. ఒకటి, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేయకపోతే రేగడిలో బంక రేణువులు ఒకదానికొకటి అంటుకునే ఉండి గుంపులుగా ఒండుతో పాటే దిగిపోతాయి. పైన నీళ్లు అరగంటలో తేటపడతాయి, 'బంక లేదు' అని సీసా సాక్ష్యం చెబుతుంది. అదే మట్టి వేలి మీద ఆరు సెం.మీ. పట్టీ సాగింది. రెండు సాక్ష్యాలను ఎదురెదురుగా నిలబెట్టడమే ఆ రోజు పాఠం. ఆ మందు దొరక్కపోతే గిన్నెలు తోమే ద్రవం వాడతారు, కానీ నురగ పైన నిలిచి గీతలు కనపడవు.

రెండు, సీసాలో మూడో వంతు మట్టి నింపమని చాలాచోట్ల రాస్తారు. అంత చిక్కగా ఉంటే రేణువులు ఒకదాన్నొకటి అడ్డుకుంటూ దిగుతాయి, పై లెక్క వర్తించదు. ఐదో వంతు దాటకూడదు.

మూడోది అసలైనది. బంక పొర నీళ్లు పీల్చుకుని ఉబ్బి వదులుగా కూర్చుంటుంది. ఒక బృందం పుస్తకంలో లెక్క ఇలా ఉంది: చెలకలో ఇసుక 18 మి.మీ., ఒండు 4, బంక 4, మొత్తం 26. రేగడిలో ఇసుక 9, ఒండు 9, బంక 26, మొత్తం 44. రెండింటిలో వేసింది 150 గ్రాములే. అదే బరువు ఒకచోట 26 మి.మీ., మరోచోట 44 ఎలా అయింది? ఈ ప్రశ్న పిల్లల నుంచే రావాలి, కాస్త ఆగితే వస్తుంది. రేగడి బంక 59 శాతమని మి.మీ.లు చెబుతున్నాయి, నిజంలో అంతకన్నా తక్కువే. మి.మీ.లతో శాతం కట్టడం చెలకకు ఫర్వాలేదు, రేగడికి నప్పదు.

దానికి విరుగుడు తూకం. విడిగా 100 గ్రా. మట్టి నానబెట్టి ఊపి, ఒక నిమిషం ఆగి, పైనున్న మురికి నీళ్లు వంచేసి, మళ్లీ నింపి ఊపాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా చేస్తే అడుగున ఇసుక ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి తూస్తే ఎన్ని గ్రాములో అంత శాతం. రెండో గీత గొడవే లేదు. మళ్లీ ఈ పాఠం చెప్పేటప్పుడు సీసాను చూడటానికి మాత్రమే ఉంచి, లెక్కంతా ఇసుక తూకంతో చేయించడమే మేలు.

నీళ్లు ఎక్కడివి?

చౌడు గుర్తించే పరీక్ష అన్నిట్లోకీ తేలిక. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, బఠాణీ గింజంత ఎండు మట్టిబెడ్డను కదపకుండా అందులో దింపాలి. పది నిమిషాలయ్యాక ఒకసారి, రెండు గంటలయ్యాక ఇంకోసారి చూడాలి. బెడ్డ విడిపోయి కుప్పగా కూలితే ఒక సంగతి. దాని చుట్టూ పాల మబ్బులా తెల్లటి పొగ కమ్మితే అది వేరే సంగతి, మట్టిలో సోడియం ఎక్కువై బంక విడివిడిగా తేలిపోతోందని అర్థం. రెండూ ఒకటి కావని పిల్లల చేత బొమ్మ గీయించాలి, మాటల్లో చెబితే కలిపేసుకుంటారు.

మొదటిసారి ఏ బెడ్డకూ మబ్బు రాలేదు, ఊళ్లో అందరికీ తెలిసిన చౌడు మడి నుంచి తెచ్చినదానికి కూడా. కారణం గిన్నెలోని బోరు నీళ్లు. సున్నపురాయి మీదుగా వచ్చిన గట్టినీళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది. అది విడిపోతున్న బంకను మళ్లీ దగ్గరికి చేర్చి అడుక్కి దించేస్తుంది. అదే బెడ్డను వాననీళ్లలో వేస్తే పావుగంటకు గిన్నెలో పాలు కలిపినట్టయింది. చౌడు భూమికి జిప్సం ఎందుకు వేస్తారో చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. అదే గిన్నెలో చిటికెడు జిప్సం వేసి ఊపి పెడితే మబ్బు దిగిపోతుంది.

అప్పటి నుంచి ప్రతి పరీక్షకూ వాననీళ్లు లేదా బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటరే. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: అదే షాపులో అదే రకం క్యాన్‌లో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. పిల్లలను పంపకండి, లేబుల్ చదివి మీరే తీసుకోండి.

పీహెచ్, పొంగు

20 గ్రా. మట్టికి 50 మి.లీ. నీళ్లు. అరగంటలో నాలుగైదు సార్లు కలిపి పీహెచ్ చూడాలి. కాగితం పట్టీ ముంచితే రేగడిలో అది నల్లగానే బయటికొస్తుంది, రంగేదో బురదేదో తెలియదు. వడకడదామంటే వడపోత కాగితం మూసుకుపోతుంది. నీళ్లకు బదులు 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్ వాడితే బురద త్వరగా దిగి పైన తేట నిలుస్తుంది. లీటరుకు డైహైడ్రేట్ అయితే 1.47 గ్రా., నీరు లేని రకం 1.11 గ్రా. అయితే ఈ పద్ధతిలో పీహెచ్ నీళ్లతో వచ్చేదానికన్నా సుమారు అర పాయింటు తగ్గుతుంది. ఒక బృందం నీళ్లతో, ఇంకోటి కాల్షియం క్లోరైడ్‌తో చేసి పోల్చుకుంటే పోట్లాటే. పుస్తకంలో పద్ధతి పేరు రాయకుండా అంకె రాయడం నిషేధం అని ముందే చెప్పాలి.

పెన్ను మీటరు ఉంటే రోజూ 7.0, 9.2 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచూడాలి. మన రేగడి ఎలాగూ 7.5కు పైనే, 4.0 బఫర్‌తో మాత్రమే సరిచూసి వదిలేస్తే లాభం లేదు. గాజుబుడ్డిని ఎండనిచ్చినా, డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచినా ఆ మీటరు ఎక్కువ కాలం బతకదు, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి. పసుపు కాగితంతో క్షార నేల పట్టేయొచ్చని చెబుతుంటారు. పసుపు సుమారు 8.6 వచ్చేసరికి గానీ పూర్తిగా ఎర్రబారదు. 8.0 ఉన్న రేగడి దానికి మామూలు నేలే.

పొంగు పరీక్ష ఉపాధ్యాయుడి చేతిలోనే ఉండాలి. తొమ్మిది వంతుల నీళ్లలో ఒక వంతు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. ఆమ్లాన్నే నీళ్లలోకి, ఎన్నడూ తిరగేసి కాదు. కళ్లద్దాలు తప్పనిసరి. మట్టి మీద రెండు చుక్కలు వేస్తే రేగడి బుసబుస పొంగుతుంది, సున్నం ఉందని అర్థం. చెలక ఉలకదు పలకదు. ఇక్కడే 'రోడ్డు' నమూనా అందరినీ తికమక పెట్టింది. ఎర్రమట్టే, కానీ రేగడిని మించి పొంగింది. తర్కించి తర్కించి ఒక బృందం పట్టుకుంది: బండల పాలిషింగ్‌లో వచ్చే తెల్లటి బూడిద సున్నపురాయి పొడే, గాలికి ఎగిరి రోడ్డు వారన పడుతుంది. రోడ్డు పక్కన నమూనా తీయొద్దని పుస్తకం ఎందుకు చెబుతుందో ఇంకెవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

నలుపు మీద విచారణ

కర్బనం ఎంతుందో ల్యాబ్‌లో తేల్చేది పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో. ఆ డైక్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సర్ కారకం, బడిలో దాని జోలికి పోవద్దు. బదులుగా పలచని పొటాషియం పర్మాంగనేట్ చాలు. లీటరు నీళ్లలో 3.2 గ్రా. పర్మాంగనేట్, బురద దిగడానికి కాస్త కాల్షియం క్లోరైడ్. 2.5 గ్రా. మట్టికి ఈ ద్రావణం 20 మి.లీ. పోసి కచ్చితంగా రెండు నిమిషాలు ఊపి, పది నిమిషాలు ఆగి, పైతేట అర మి.లీ. తీసి 50 మి.లీ.కి పలచన చేయాలి. తేలికగా కుళ్లే కర్బనం ఎంత ఎక్కువుంటే గులాబీ రంగు అంత వెలిసిపోతుంది. వరసగా నాలుగు గ్లాసులు నిలబెట్టాం: రేగడి, చెలక, 'పెంట', మట్టి వేయని ఉత్త ద్రావణం. బాగా వెలిసింది పెంట గ్లాసు. రేగడి, చెలక మధ్య తేడా మాత్రం పిల్లలు ఊహించినంత లేదు. ఊపే సమయం బృందానికో తీరుగా ఉంటే ఈ పరీక్ష దండగ, కాబట్టి ఒక్కరే గట్టిగా అంకెలు లెక్కపెట్టాలి. ఇది పోలికకే గానీ శాతం చెప్పదు.

మరి రేగడి బలం ఎక్కడుంది? దీనికి జీవశాస్త్రం ల్యాబ్‌లో ఉండే మిథిలీన్ బ్లూ. ధనావేశం ఉన్న రంగు అది, రుణావేశం ఉన్న బంక దాన్ని పట్టుకుంటుంది. పొటాషియం, కాల్షియం, అమ్మోనియం పోషకాలను పట్టుకునేదీ అలాగే. 1 గ్రా. మట్టిని 20 మి.లీ. నీళ్లలో కలిపి, లీటరుకు 1 గ్రా. చొప్పున చేసిన నీలి ద్రావణాన్ని 5 మి.లీ. చొప్పున చేరుస్తూ పోవాలి. ప్రతిసారీ రెండు నిమిషాలు కలిపి, గాజుకడ్డీతో ఒక చుక్క వడపోత కాగితం మీద పెట్టాలి. మొదట్లో ముదురు నీలం మచ్చ, చుట్టూ రంగులేని తడి. మట్టి ఇక పట్టుకోలేనప్పుడు మచ్చ చుట్టూ లేత నీలి వలయం కనిపిస్తుంది. అదే ఆగాల్సిన చోటు. చెలకకు వలయం కొద్ది విడతల్లోనే వచ్చేస్తుంది. రేగడికి పోస్తూనే ఉండాలి, కాగితం మీద మచ్చలు వరసలు వరసలుగా పేరుకుంటాయి, వలయం రాదు. పీరియడ్ సరిపోదు, ముందే రెండు పీరియడ్లు కలిపి పెట్టుకోండి. గ్లౌజులు లేకపోతే వేళ్ల నీలం మూడు రోజులు పోదు.

ఆ మచ్చల కాగితాలే గోడకు అంటించాం. 'హ్యూమస్ ఎక్కువ కాబట్టి' అన్న జవాబును ఉపన్యాసం కదిలించలేదు, ఈ కాగితాలే కదిలించాయి.

చేలో రెండు ప్రయోగాలు

ఆరంగుళాల వ్యాసం ఉన్న పైపు ముక్కను నేలలోకి సగం దిగ్గొట్టి 450 మి.లీ. నీళ్లు పోస్తే దాదాపు అంగుళం ఎత్తు. ఎంతసేపట్లో ఇంకిందో రాసుకుని, వెంటనే రెండో అంగుళం పోయాలి. పనికొచ్చేది రెండో అంకె. ఎండు రేగడిలో మొదటి అంగుళం నెర్రెల్లోకి గుటుక్కున జారిపోతుంది, చెలక కన్నా ఇదే త్వరగా ఇంకిస్తోందని పిల్లలు రాసేస్తారు. తడిసి ఉబ్బి నెర్రెలు పూడాక అదే నేల మీద నీళ్లు గంటలతరబడి నిలుస్తాయి. గది లోపల దీనికి తిరకాసు ఇంకోటి ఉంది: గరాటులో పొడి రేగడి వేసి నీళ్లు పోస్తే పైన నిలిచిపోయి, ఈ నేల నీళ్లు పట్టదని అనిపిస్తుంది. రాత్రంతా ఉంచి పొద్దున తూస్తేనే ఎంత పట్టుకుందో తెలుస్తుంది.

రెండోది గుడ్డ పాతడం. అచ్చమైన నూలు గుడ్డ 10 సెం.మీ. చదరం ముక్కలు, 8 సెం.మీ. లోతున, 60 రోజులు. సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటే గుడ్డ చివికి జల్లెడవుతుంది. చెలకలో పాతిన రెండు ముక్కలు పూర్తిగా మాయమయ్యాయి. మా నేలే బలమైనదని ఆ బృందం సంబరపడింది. తవ్విన గుంటలో మట్టి పూసిన సన్నటి సొరంగాలు చూపించాక అర్థమైంది, తిన్నది చెదలు. చెదలున్న నేలలో గుడ్డను సన్న నైలాన్ జాలీలో చుట్టి పాతాలి. చోటు గుర్తుకు పుల్ల పాతితే దున్నకంలో పోతుంది, గట్టు మీది రాయి నుంచి అడుగులు కొలిచి రాసుకోవాలి.

కార్డు చదవడం

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులు, అంటే ప్రభుత్వం రైతులకు ఇచ్చే నేల పరీక్ష ఫలితాల కార్డులు, చాలా ఇళ్లలో బీరువాలో ఉన్నాయి. పిల్లలు పట్టుకొచ్చారు. అందులో 12 అంశాలు: పీహెచ్, లవణాల సాంద్రత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. హెక్టారుకు నత్రజని 280 కిలోల లోపు ఉంటే తక్కువ, 560 దాటితే ఎక్కువ. ఈ అంకె ఎకరానికి కాదని ముందే చెప్పాలి, 2.47తో భాగించాలి. పదిలక్షల్లో వంతులకూ కిలోలకూ లంకె కూడా వేయించాలి: హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు, లోతు 0.15 మీటరు, ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను. గుణిస్తే 22.5 లక్షల కిలోలు. పదిలక్షల్లో ఒక వంతంటే హెక్టారుకు రెండుంబావు కిలోలు.

"మా కార్డులో పీహెచ్ 7.1, మేం చూస్తే 8.2 సార్" అని ఒకరిద్దరు అడిగారు. మీటరు తప్పయి ఉండొచ్చు. ఇంకో కారణం కూడా ఉంది: మొదటి విడతల్లో నమూనా ఒక్కో రైతు చేను నుంచి తీయలేదు. నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒకటి. తాండూరులాంటి చోట పది హెక్టార్లలో రేగడి, చెలక రెండూ పడొచ్చు.

రంగులు చూసి నత్రజని, భాస్వరం, పొటాష్ చెప్పే కిట్ అడిగారు, కొనలేదు. పలచటి రంగు మీద తక్కువా మధ్యస్థమా అని ఐదుగురు ఐదు రకాలుగా అంటారు. అది పట్టుకుని ఇంట్లో 'యూరియా ఇంకో బస్తా వేయాలి నాన్నా' అంటే నష్టం ఆ ఇంటిది. కేంద్రీయ, నవోదయ, ఏకలవ్య విద్యాలయాల్లో ప్రభుత్వమే నేల పరీక్ష ల్యాబ్‌లు పెట్టిస్తోంది. అలాంటి పరికరాలూ శిక్షణా ఉన్నచోట సంగతి వేరు.

మార్కుల పరీక్ష

రాతపరీక్ష పెట్టలేదు. ప్రతి బృందానికీ పేరు రాయని ఒక డబ్బా మట్టి, రెండు పీరియడ్లు, నచ్చిన పరీక్షలు చేసుకునే వీలు. ఇది ఏ నేల, ఎక్కడిది, ఎలా చెప్పగలరు? డబ్బాలో ఉన్నది చెరువు పూడిక మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్లతో చేన్లలోకి తోలిన మట్టే కాబట్టి పిల్లలకు కొత్త కాదు, కానీ ఆరి పొడి అయ్యాక గుర్తుపట్టడం కష్టం. మార్కులు సరైన పేరుకు కాదు, ఆధారాలకు. రెండు ఆధారాలు ఒకదానికొకటి ఎదురైతే ఏది ఎందుకు నమ్మారో రాసినవాళ్లకు ఎక్కువ మార్కులు.

ఎక్కువ బృందాలు పట్టీ పొడవు చూసి 'రేగడి' అని రాసి ఆగిపోయాయి. ఒక బృందం మాత్రం ఆమ్లం చుక్క అడిగింది. పొంగలేదు. పర్మాంగనేట్ గ్లాసు రేగడి కన్నా బాగా వెలిసింది. నీలి చుక్క విడతలు చెలకకూ రేగడికీ మధ్యలో వచ్చాయి. "బంక ఉంది కానీ సున్నం లేదు, కర్బనం ఉంది. చెలక నుంచి వానకు కొట్టుకొచ్చి ఒకచోట నిలిచిన మన్ను, చెరువుది అయ్యుంటుంది" అని రాశారు. అదే బృందం ఇసుక తూకంలో నిమిషం బదులు ఐదు నిమిషాలు ఆగి వంచింది. ఒండు కూడా అడుగున మిగిలి ఇసుక శాతం ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువగా వచ్చింది. ఆ అంకె మిగతా ఆధారాలకు పొసగడం లేదని గమనించి, కొట్టేయకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలారు. ఆ ప్రశ్నార్థకానికి పూర్తి మార్కులు వేశాం.